ఒంటి చుక్క బరువు

పీర్జాదిగూడలో వరంగల్ రోడ్డు మీద, 2018లో మొదలై ఏళ్ల తరబడి పిల్లర్ల దగ్గరే ఆగిపోయిన ఫ్లైఓవర్ పక్కన, కొత్తగా ఒక టిఫిన్ సెంటర్ తెరిచారనుకుందాం. మొదటి నెలలో ఇరవై మంది ఫోన్‌లో రేటింగ్ ఇచ్చారు. పది మంది అయిదు చుక్కలు, పది మంది నాలుగు చుక్కలు. మొత్తం 90 చుక్కలు, సగటు 4.5. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ వైపు పోయేవాళ్లు ఫోన్ తీసి చూస్తే, బండి ఆపి దోసె తినాలనిపించే అంకె అది.

ఆ కొట్టంటే గిట్టనివాడెవడో తన వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టాడు. ఉప్పల్‌లో కొందరు, నాచారంలో కొందరు, ఎన్నడూ ఆ గుమ్మం తొక్కని పది మంది తలా ఒక్క చుక్క ఇచ్చి ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఒక్కొక్కరికి అర నిమిషం కూడా పట్టలేదు. ఇప్పుడు చుక్కలు 100, ఇచ్చినవాళ్లు 30 మంది, సగటు 3.33.

మళ్లీ 4.5కు చేరాలంటే ఎంతమంది కావాలి? నిజంగా తిని, నిజంగా మెచ్చి, అయిదుకు అయిదూ ఇచ్చేవాళ్లు డెబ్బై మంది. కాగితం మీద వేసి చూసుకోండి. 100 చుక్కలకు 350 కలిపితే 450. మనుషులు వంద. సగటు 4.5. పది మంది అర నిమిషంలో చేసిన పనిని చెరపడానికి డెబ్బై మందికి వడ్డించాలి, ఆ డెబ్బై మందీ ఫోన్ తీసి రేటింగ్ ఇవ్వాలి. తృప్తిగా తిన్నవాళ్లలో ఎక్కువమంది చెయ్యి కడుక్కుని వెళ్లిపోతారని హోటలు నడిపే ఎవరినడిగినా చెబుతారు.

ఏడింతలు ఎందుకయింది? 4.5 నుంచి పైకి అర చుక్క చోటే ఉంది. కిందికి మూడున్నర చుక్కల చోటుంది. ఒక మంచి రేటింగ్ సగటును అర చుక్క బలంతో పైకి లాగితే, ఒక చెడ్డ రేటింగ్ మూడున్నర చుక్కల బలంతో కిందికి లాగుతుంది. వస్తువు ఎంత మంచిదైతే ఈ తేడా అంత పెరుగుతుంది. సగటు 4.8 ఉన్న కొట్టుకు అది పందొమ్మిదింతలు. అంటే దొంగ ఓటు అందరికంటే ఎక్కువగా దెబ్బ తీసేది బాగా చేసేవాళ్లనే. ఎదురుగా ఉన్న పాత హోటలుకు రెండు వేల రేటింగ్‌లు, 4.2 సగటు ఉందనుకోండి. అవే పది ఒంటి చుక్కలు దాని మీద పడితే సగటు 4.18 దగ్గర నిలుస్తుంది. పాతవాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, కొత్తవాడికి మాత్రం కొట్టు మూసుకునే పరిస్థితి వస్తుంది.

ఈ అధ్యాయం ఆ పది మంది గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ పది మందికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని గురించి.

*

తెలుగువాళ్లకు ఈ లెక్క గట్టిగా తగిలింది సినిమాల దగ్గర. నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో కట్టిన రోజుల నుంచీ ఈ తూర్పు హైదరాబాదుకు సినిమా వీధిలో వ్యవహారమే. అప్పట్లో సినిమా జాతకం తేల్చేది మార్నింగ్ షో టాక్. మొదటి ఆట విడిచాక గేటు దగ్గర గుమిగూడినవాళ్లు ‘ఎలా ఉందన్నా’ అని అడిగేవారు. జవాబు చెప్పేవాడు టిక్కెట్టు కొన్నవాడు, మూడు గంటలు లోపల కూర్చుని వచ్చినవాడు. ‘బాలేదు’ అన్న మాట వెనక అతని డబ్బు, అతని పొద్దు ఉండేవి. అభిమాన సంఘాల గొడవలు అప్పుడూ ఉన్నాయి, పోస్టర్ల మీద పేడ కొట్టడాలు ఉన్నాయి. కానీ ఎదుటి హీరో సినిమాను టాక్‌తో చంపాలన్నా ముందు దానికి టిక్కెట్టు కొనాలి.

ఇప్పుడు ఆ టాక్ బుక్‌మైషోలోకి వచ్చింది. 2023 సెప్టెంబరు 1న విడుదలైన ‘ఖుషి’ విజయోత్సవం విశాఖలో జరిగినప్పుడు, తన సినిమాల మీద డబ్బులిచ్చి దొంగ రేటింగ్‌లు, దొంగ రివ్యూలు వేయిస్తున్నారని విజయ్ దేవరకొండ వేదిక మీదే చెప్పాడు. 2024 సంక్రాంతికి ‘గుంటూరు కారం’, ‘హను-మాన్’ ఒకే రోజు, జనవరి 12న, వచ్చాయి. ‘గుంటూరు కారం’ రేటింగును బాట్‌లతో పడగొట్టారని ఆ సినిమా పక్షం సైబర్ క్రైమ్ పోలీసుల దాకా వెళ్లింది. అదే ఏడాది ఏప్రిల్ 5న వచ్చిన ‘ది ఫ్యామిలీ స్టార్’ మీద విడుదలకు ముందు నుంచే దుష్ప్రచారం జరిగిందంటూ మళ్లీ సైబర్ క్రైమ్ పోలీసులకే ఫిర్యాదు అందింది.

ఈ ఫిర్యాదుల్లో ఎంత నిజం, ఎంత ఫ్లాపుకు సాకు అన్నది బయటివాడు తేల్చలేడు. నా దృష్టిలో అసలు దెబ్బ అక్కడే ఉంది. సినిమా నిజంగా నచ్చక ఒంటి చుక్క ఇచ్చినవాడు, సినిమా చూడకుండానే ఇచ్చినవాడు పేజీ మీద ఒకేలా కనిపిస్తారు. దొంగ ఓటు నిర్మాతకు ఎంత నష్టం చేస్తుందో, నిజాయతీగా ‘నాకు నచ్చలేదు’ అన్న ప్రేక్షకుడికీ అంతే చేస్తుంది. అతని మాటను కూడా కుట్ర కింద కొట్టిపారేయడానికి దారి దొరుకుతుంది.

*

మైనస్ ఓటు పుట్టింది సినిమాల కోసం కాదు. వార్తల లింకులను జనమే పంపి, జనమే ఓట్లు వేసి, ఏది పైన ఉండాలో జనమే తేల్చుకునే సైట్ల కోసం పుట్టింది. ఎడిటరు లేని పత్రిక అన్నమాట. 2004లో డిగ్, 2005లో రెడిట్, 2007లో హ్యాకర్ న్యూస్ వచ్చాయి. తెలుగు కుర్రాళ్లు పోట్లాడుకునే ‘నీ బొంద’, ‘టాలీవుడ్’, ‘హైదరాబాద్’ గుంపులు కూడా రెడిట్‌లోవే. పై బాణం నొక్కితే ప్లస్, కింది బాణం నొక్కితే మైనస్. చెత్తను, మోసపు లింకులను, పక్కదారి పట్టించే వాటిని కిందికి తోయడానికి కింది బాణం ఇచ్చారు. ‘నేను ఒప్పుకోను’ అని చెప్పడానికి ఇవ్వలేదు. రెడిట్ తన మర్యాదల జాబితాలో కూడా అదే రాసుకుంది. కానీ చేతికందిన మీటను మనిషి తన కోపానికి తగ్గట్టు వాడతాడు.

ఈ సైట్లలో ఓటు పని చేసే తీరు టిఫిన్ సెంటర్ సగటు కంటే కఠినం. రెడిట్ తన కోడును ఒకప్పుడు బయటపెట్టింది కాబట్టి అప్పటి సూత్రం మనకు తెలుసు. ఒక పోస్టు స్థానాన్ని రెండు విషయాలు నిర్ణయిస్తాయి. ఒకటి, ప్లస్‌లలోంచి మైనస్‌లు తీసేయగా మిగిలిన అంకె. రెండోది, పోస్టు ఎంత కొత్తదన్నది. మొదటిదాన్ని నేరుగా తీసుకోరు, దాని సంవర్గమానం తీసుకుంటారు. అంటే ఒకటి నుంచి పదికి చేరితే ఒక మెట్టు, పది నుంచి వందకు చేరితే ఇంకో మెట్టు, వంద నుంచి వెయ్యికి మరో మెట్టు. మొదటి పది ఓట్ల విలువ ఆ తరువాతి తొంభై ఓట్ల విలువకు సమానం. కాలం లెక్కలో ఒక మెట్టు అంటే 45,000 సెకన్లు, పన్నెండున్నర గంటలు.

దీని ఫలితం చూడండి. నికర అంకె ప్లస్ పది అయితే, ఓట్లే లేని పోస్టు కంటే పన్నెండున్నర గంటలు కొత్తదానిలా పైకి వస్తుంది. మైనస్ పది అయితే పన్నెండున్నర గంటలు పాతదానిలా కిందికి పోతుంది. రెంటికీ మధ్య తేడా 25 గంటలు. పీర్జాదిగూడలో ఈ పూట నల్లా నీళ్లు రంగు మారి వస్తున్నాయని ఒకరు హైదరాబాద్ గుంపులో పెట్టారనుకుందాం. పెట్టిన పది నిమిషాల్లో పది మంది కూడబలుక్కుని మైనస్ వేస్తే అది అర రోజు పాతబడిన వార్త అవుతుంది. ఎవరూ దాన్ని తొలగించలేదు, పేజీలో ఎక్కడో కిందే ఉంది, కానీ చూడాల్సినవాళ్లు చూడరు.

డిగ్‌లో మైనస్ మీటకు ‘బరీ’ అని పేరు, పూడ్చెయ్యడమని. ఎవరు పూడ్చారో బయటికి కనిపించేది కాదు. 2010 ఆగస్టులో ‘డిగ్ పేట్రియట్స్’ అనే సుమారు వంద మంది గుంపు బండారం బయటపడింది. అమెరికాలో తమ రాజకీయాలకు సరిపడని వార్తలను వేరే చోట లింకులు పంచుకుంటూ పథకం ప్రకారం పూడుస్తున్నారు. లక్షల మంది వాడే సైటులో ముందు పేజీ మీద ఏది కనిపించకూడదో వంద మంది శాసించగలిగారు. అదే నెలలో వచ్చిన డిగ్ కొత్త రూపంలో ఆ మీటనే తీసేశారు. ఆ కొత్త రూపం జనానికి నచ్చక వాళ్లు రెడిట్‌కు తరలిపోవడం ఇంకో కథ.

*

‘ఒకడు అన్యాయంగా మైనస్ వేస్తే, పదిమంది న్యాయంగా ప్లస్ వేసి సరిచేయరా?’ అని అడగొచ్చు. ఆ ప్రశ్నకు జవాబు ప్రయోగం చేసి కనుక్కున్నారు. లెవ్ ముచ్నిక్, సినాన్ అరాల్, షాన్ టేలర్ 2013లో ‘సైన్స్’ పత్రికలో దాన్ని ప్రచురించారు. పేరు బయటపెట్టని ఒక సామాజిక వార్తా సైటులో అయిదు నెలల పాటు 1,01,281 వ్యాఖ్యల మీద ఈ పరీక్ష జరిగింది. వ్యాఖ్య పుట్టగానే, దాని మంచిచెడ్డలతో సంబంధం లేకుండా, లాటరీ తీసినట్టు కొన్నింటికి ఒక ప్లస్ అంటించారు, కొన్నింటికి ఒక మైనస్ అంటించారు. మిగిలినవాటి జోలికి పోలేదు.

దొంగ ప్లస్ పడినవాటికి, మొదట చూసినవాడు కూడా ప్లస్ వేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి వాటి సగటు మార్కులు ఏ ఓటూ అంటించని వాటి కంటే 25 శాతం ఎక్కువగా తేలాయి. ముందువాడు మెచ్చాడంటే మనమూ మెచ్చుతాం, మంద వెంట గొర్రెలా. మైనస్ దగ్గర మాత్రం వేరేలా జరిగింది. దొంగ మైనస్ చూసి ఇంకొందరు మైనస్ వేశారు గానీ, ‘పాపం, ఇంత మంచి మాటకు మైనస్ ఏమిటి’ అని ప్లస్ వేసినవాళ్లు అంతకు మించి వచ్చారు. చివరి లెక్కలో ఆ వ్యాఖ్యలు నష్టపోలేదు.

నాకు ఈ ఫలితం ఎంతో ఊరటనిస్తుంది. మనుషులు కంటబడిన అన్యాయాన్ని సరిచేస్తారు. కానీ ఇక్కడ ‘కంటబడిన’ అన్న మాటే కీలకం. ఆ ప్రయోగంలో అంటించింది ఒకే ఒక్క మైనస్, వ్యాఖ్య జనం కళ్ల ముందే ఉంది. రెడిట్ సూత్రంలో పది మైనస్‌లు తొలి నిమిషాల్లో పడితే పోస్టు కళ్ల ముందు నుంచే పోతుంది. సరిచేసే మంచివాళ్లు ఉన్నారు గానీ వాళ్లకు అది కనిపించదు. గుంపుగా మైనస్ వేసేవాళ్లకు ఈ సంగతి ఏ శాస్త్రవేత్తా చెప్పనక్కర లేదు, అనుభవంతోనే తెలుసు. అందుకే తొలి గంట కోసం కాచుకుని ఉంటారు. సినిమా విడుదల రోజు తెల్లవారుజామున రేటింగ్‌లు కుప్పలుగా పడ్డాయన్న ఫిర్యాదులు వచ్చేదీ అందుకే.

మైనస్ తిన్న మనిషి ఏమవుతాడు? బుద్ధి తెచ్చుకుంటాడని మైనస్ వేసేవాళ్ల నమ్మకం. జస్టిన్ చెంగ్, మరో ఇద్దరు పరిశోధకులు 2014లో నాలుగు పెద్ద వార్తా సైట్లను, 4 కోట్ల 20 లక్షల వ్యాఖ్యలను, 11 కోట్ల 40 లక్షల ఓట్లను జల్లెడ పట్టారు. మైనస్‌లు పడ్డవాళ్లు మానుకోలేదు. ఇంకా ఎక్కువ రాశారు, ఇంకా నాసిగా రాశారు. అంతటితో ఆగక ఇతరులకు ఎక్కువ మైనస్‌లు వేయడం మొదలుపెట్టారు. తన్నులు తిన్న కోడలు అత్త అయినప్పుడు చేసే పనే ఇది. సైటు వదిలి వెళ్లిపోయే అవకాశం అందరికంటే ఎక్కువ ఎవరికంటే, ప్లస్ గానీ మైనస్ గానీ ఏదీ రానివాళ్లకు. మనిషిని పంపించేది తిట్టు కాదు, మౌనం.

కాబట్టి కోపంతో వేసే మైనస్ రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. మొండివాడిని ఇంకా మొండివాడిని చేస్తుంది. కొత్తగా వచ్చి భయంభయంగా ఒక మంచి మాట రాసినవాడి పోస్టును పేజీ అడుక్కి తోసి, వాడికి మౌనాన్నే మిగులుస్తుంది.

*

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గుంపుగా ‘వద్దు’ అనడమే తప్పా? కూడబలుక్కోవడమే నేరమా? అలా అనలేం. కూడబలుక్కుని ‘వద్దు’ అనడంలో తెలంగాణకు పెద్ద చరిత్రే ఉంది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది నామినేషన్ వేసి బరిలో నిలిచారు. వాళ్లలో ఎక్కువమంది దిగింది గెలవడానికి కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన ఊళ్ల గోడు దేశానికి వినిపించడానికి జలసాధన సమితి నడిపిన ఉద్యమం అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. 2019లో నిజామాబాద్‌లో మళ్లీ అలాంటిదే. పసుపు బోర్డు కావాలని, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలని 178 మంది రైతులు పోటీకి దిగారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా కలిపి పెట్టాల్సి వచ్చింది. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు. 2025 సంక్రాంతి నాడు జాతీయ పసుపు బోర్డు మొదలైంది, నిజామాబాద్ కేంద్రంగా.

ఈ రెండింటినీ ఎవరైనా దొంగ ఓట్ల దండు అంటారా? అనలేరు. నిజామాబాద్ రైతు ప్రతి ఒక్కరూ తన పేరు రాసి, ఫొటో ఇచ్చి, సంతకం పెట్టి, పాతిక వేల రూపాయలు డిపాజిట్ కట్టారు. ఆ డబ్బు తిరిగి రాదని తెలిసే కట్టారు. నల్లగొండనాటికి లోక్‌సభ డిపాజిట్ అయిదు వందలే. ఆ ఎన్నికల తరువాత అదే ఏడాది పది వేలకు, ఆ తరువాత పాతిక వేలకు పెంచారు. పెంచడం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. పెంచినా రైతులు వెనక్కి తగ్గలేదు. ‘మా మాట వినడం లేదు’ అన్న బాధ నిజమైనదైతే మనిషి దానికి మూల్యం చెల్లిస్తాడు. పాతిక వేలు కట్టమంటే ఆ టిఫిన్ సెంటర్ మీదికి ఒంటి చుక్కలు విసిరిన పది మందిలో ఎందరు మిగులుతారు? పాతిక వేలు అక్కర్లేదు, ఒక దోసె బిల్లు చూపించమన్నా చాలు.

దొంగ మైనస్‌కు, నిజమైన నిరసనకు తేడా ఎంతమంది వేశారన్న దానిలో లేదు, ఎంత కోపంతో వేశారన్న దానిలోనూ లేదు. వేసినవాడు దానికి తన వైపు నుంచి ఏం పెట్టాడు అన్న దానిలో ఉంది. మార్నింగ్ షో టాక్‌కు టిక్కెట్టు ఉండేది. నిజామాబాద్‌కు డిపాజిట్ ఉంది. హైదరాబాదు బయటి నగరపాలికల్లో మేయరు మీద అవిశ్వాసం పెట్టాలన్నా కార్పొరేటర్లు సంతకాలు పెట్టి నోటీసు ఇవ్వాలి. తెలంగాణ పురపాలక చట్టం ప్రకారం మొదటి కొన్నేళ్లు ఆ ఊసే ఎత్తడానికి లేదు. కొత్తగా కుర్చీ ఎక్కినవారిని తొలి గంటలోనే పడగొట్టకుండా చట్టం కాపాడుతోంది. కొత్త దోసె బండికి, కొత్త సినిమాకు, కొత్తగా రాసిన కుర్రాడికి ఆ కాపు లేదు.

*

వేసినవాడి చేత ఏదో ఒకటి పెట్టించడం కంప్యూటర్ మీద సాధ్యమేనా? సాధ్యమే, చేసి చూపించినవాళ్లున్నారు. ప్రోగ్రామర్లు ప్రశ్నలు జవాబులు రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లోలో, మంచి జవాబులు రాసి 125 పాయింట్లు సంపాదించేదాకా మైనస్ వేసే హక్కే రాదు. వచ్చాక కూడా, ఎదుటివాడి జవాబుకు మైనస్ వేస్తే వాడికి రెండు పాయింట్లు పోతాయి, వేసినవాడికి ఒకటి పోతుంది. ఒక్క పాయింటే. కానీ ‘ఇది నిజంగా తప్పు జవాబేనా, నాకు గిట్టనివాడు రాశాడనా’ అని మనిషి ఒక క్షణం ఆగడానికి అది చాలు. హ్యాకర్ న్యూస్‌లో వార్తలకు మైనస్ అసలే లేదు, వ్యాఖ్యలకు మాత్రమే ఉంది. అదీ 500 పాయింట్లు దాటినవాళ్లకే. అంతకు ముందే స్లాష్‌డాట్ అనే పాత సైటు మార్కులు వేసే అధికారాన్ని కొద్దిమందికి, కొద్ది రోజులకు, అయిదేసి పాయింట్లుగా పంచేది. వేసిన ప్రతి మార్కుకూ కారణం ఎంచుకోవాలి. ఆ మార్కు సబబేనా అని ఇంకొకరు తనిఖీ చేసేవారు.

కొనుగోలు రుజువు ఎంత తేడా తెస్తుందో హోటళ్ల దగ్గర బాగా తేలింది. ఎక్స్‌పీడియాలో గది తీసుకున్నవాడే రివ్యూ రాయగలడు. ట్రిప్‌అడ్వైజర్‌లో ఎవరైనా రాయొచ్చు. దినా మేజ్లిన్, మరో ఇద్దరు పరిశోధకులు అవే హోటళ్లకు రెండు చోట్లా వచ్చిన మార్కులను పోల్చి 2014లో ఒక పత్రం రాశారు. పక్కనే సొంత యజమాని నడిపే హోటలు ఉంటే, ట్రిప్‌అడ్వైజర్‌లో మాత్రం చెడ్డ రివ్యూలు ఎక్కువగా కనిపించాయి. పక్కవాడి చెయ్యి ఎక్కడ పడిందో రెండు అంకెల మధ్య తేడాయే పట్టించింది. సినిమాల వైపు రాటెన్ టొమాటోస్ 2019లో రెండు పనులు చేసింది. విడుదల కాని సినిమా మీద ప్రేక్షకులు వ్యాఖ్యలు రాసే వీలు తీసేసింది, టిక్కెట్టు కొన్నట్టు తేలినవాళ్ల మార్కులను వేరుగా చూపడం మొదలుపెట్టింది. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. రాసినవాడు నిజమైన మనిషేనా అని సరిచూడాలని అందులో ఉంది. కానీ పాటించి తీరాలన్న నిర్బంధం లేదు. టిక్కెట్లు అమ్మే సంస్థ దగ్గరే ఎవరు టిక్కెట్టు కొన్నారో తెలుస్తుంది కదా. మార్కులు లెక్కగట్టేటప్పుడు ఆ ఒక్క సంగతికి పెద్ద పీట వేయమని తెలుగు ప్రేక్షకుడు అడగడం అత్యాశ కాదు.

మూల్యం పెట్టించలేని చోట బరువు తగ్గించొచ్చు. ఐఎండీబీ తన టాప్ 250 జాబితా కోసం చాలా కాలంగా వాడుతున్న ఉపాయం ఉంది. ప్రతి సినిమాకూ ముందే కొన్ని ఊహా ఓట్లు, అన్ని సినిమాల సగటు మార్కుతో, వేసినట్టు లెక్కిస్తుంది. మన టిఫిన్ సెంటర్‌కు ఇదే చేద్దాం. ఊరి సగటు 4 చుక్కలు, ఊహా ఓట్లు 50 అనుకుంటే, దాడికి ముందు మార్కు 4.14, దాడి తరువాత 3.75. పడింది, కానీ 4.5 నుంచి 3.33కు కూలినట్టు కూలలేదు. కొత్తవాడికి ఇది కూడా ఒక కాపే. అసలు ఓట్లు పెరిగేకొద్దీ ఊహా ఓట్ల ప్రభావం దానంతటదే కరిగిపోతుంది.

చివరిదీ, అందరూ మొదట పరిగెత్తేదీ, మీటనే పీకేయడం. 2021 నవంబరులో యూట్యూబ్ డిస్‌లైక్ అంకెను జనానికి కనబడకుండా దాచింది. గుంపు దాడులు తగ్గాయని చెప్పింది. కానీ పంపు మోటారు రిపేరు నేర్పుతానని తప్పుడు వైరింగ్ చూపించే వీడియోను ముందే పసిగట్టే దారి కూడా దాంతో పోయింది. 2023లో ఒక మలయాళ దర్శకుడి పిటిషన్ మీద కేరళ హైకోర్టు రివ్యూ దాడుల సంగతి చేపట్టింది. మొదటి 48 గంటలు రివ్యూలు ఆపాలని కోర్టుకు సలహా ఇచ్చే న్యాయవాది, అమికస్ క్యూరీ, సూచించారు. 2026 సంక్రాంతికి వచ్చిన చిరంజీవి సినిమా ‘మన శంకర వరప్రసాద్ గారు’కు కోర్టు ఆదేశం మేరకు బుక్‌మైషోలో రేటింగ్‌లు, రివ్యూలు పూర్తిగా నిలిపేశారు. దొంగ ఓట్లు ఆగాయి, నిజమే. పీర్జాదిగూడ నుంచి నలుగురు పిల్లాపాపలతో ఉప్పల్ వెళ్లి, టిక్కెట్లకు, పాప్‌కార్న్‌కు రెండు వేలు పెట్టిన ఇల్లాలి ‘బాగుంది’, ‘బాలేదు’ కూడా ఆగిపోయాయి. మూల్యం చెల్లించినవాళ్ల నోరూ చెల్లించనివాళ్ల నోరూ ఒకే తాళంతో మూయడం నాకు సమ్మతం కాదు. కాదనే హక్కు నిజామాబాద్ రైతు పాతిక వేలు పోసి కొనుక్కున్న హక్కు. దొంగలున్నారని దాన్ని అందరి దగ్గరా లాక్కోకూడదు.

అంతవరకూ మనం రేటింగ్ చదివే పద్ధతి మార్చుకోవచ్చు. సగటు అంకెను వదిలేసి దాని కింద ఉన్న అడ్డ గీతలు చూడండి. అయిదులు, ఒకట్లు మాత్రమే ఉండి మధ్య మెట్లు ఖాళీగా ఉంటే కొంత అనుమానించాలి. కొంతే, ఎందుకంటే బాగా నచ్చినవాళ్లు, బాగా మండినవాళ్లే రాయడానికి పూనుకుంటారు కాబట్టి నిజమైన రేటింగ్‌లు కూడా కొంతవరకు ఆ ఆకారంలోనే ఉంటాయి. అంతకంటే బాగా పట్టిచ్చేది తేదీ. నిజంగా తిన్నవాళ్ల చుక్కలు వారాలుగా, నెలలుగా విడివిడిగా రాలతాయి. వాట్సాప్ లింకు పట్టుకుని వచ్చినవాళ్ల చుక్కలు ఒకే సాయంత్రం పడతాయి. ఆ ఖాతాలు తెరిచి చూడండి, ఇంకెక్కడా ఏమీ రాసి ఉండరు. రాసింది చదవండి. తిన్నవాడు చట్నీలో ఉప్పెక్కువైందంటాడు, ఆదివారం పొద్దున సీటు దొరకలేదంటాడు, పార్కింగ్ లేదంటాడు. తిననివాడి దగ్గర చెప్పడానికి అలాంటిదేదీ ఉండదు.